పాత కిట్‌కి లప్పం పెట్టే ముందు

ఎప్పుడో అతికించిన పాత ప్లాస్టిక్ విమానం మోడల్ చేతికి రాగానే చాలామంది రంగు డబ్బా తెరుస్తారు. నన్నడిగితే ముందు దాన్ని పూర్తిగా విప్పాలి. రెక్క వంకరగా అతికి ఉంటే పైన ఎంత లప్పం పెట్టినా ఆ వంకర పోదు.

ఎలా ఊడుతుందనేది అప్పట్లో వాడిన జిగురును బట్టి ఉంటుంది. ట్యూబు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. మోడల్‌ను కవర్లో చుట్టి రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే రెక్క మొదట్లో మెల్లగా వంచితే చాలాసార్లు టక్కున ఊడొస్తుంది. ఫెవిక్విక్ అతుకులకూ ఇదే ఉపాయం. పల్చటి సిమెంటుతో (ప్లాస్టిక్‌ను కరిగించి అతికే నీళ్లలాంటి జిగురు) అతికించినవి మాత్రం రావు, అక్కడ ప్లాస్టిక్కే కరిగి ఒకటైపోయి ఉంటుంది. సన్నటి రంపంతో అతుకు గీత వెంటే కోయాలి. రంపం తినేసిన మందాన్ని తర్వాత ప్లాస్టిక్ షీటు పట్టీతో పూడ్చాలి.

రంగు తీయడానికి సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్ వాడొద్దు, మోడల్ ప్లాస్టిక్ (పాలీస్టైరీన్) ముద్దైపోతుంది. ఆక్రిలిక్ రంగుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు, కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మేచోట అడగండి. ముదిరిన ఎనామిల్‌కైతే డాట్-3 బ్రేక్ ఆయిల్. గ్లౌజులు వేసుకుని, రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బునీళ్లతో కడగాలి. కానోపీని, అంటే పైలట్ కూర్చునే చోటి మీది అద్దం మూతను, అందులో వేయొద్దు, సన్నటి పగుళ్లు వస్తాయి. దాన్ని 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, కార్లకు వాడే పాలిష్ పెడితే తేటబడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు ఫెవికాలే వాడండి. ఫెవిక్విక్ ఆవిరి తగిలితే అద్దం తెల్లబడుతుంది.

సందులు పూడ్చడానికి ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపి పెట్టడం మంచి పద్ధతి. అయితే గంటలోపే రుద్దేయాలి. మర్నాటికి అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది. అప్పుడు రుద్దితే అతుకు గట్టులా మిగిలి, పక్కన గుంట పడుతుంది. ముందు 400, తర్వాత 600, చివర 1000 నంబరు కాగితం. ఆపైన ప్రైమర్ కొడితే మిగిలిన గీతలన్నీ బయటపడతాయి. మన దగ్గర జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజు లాకర్ (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు) స్ప్రే చేయొద్దు. గాలిలోని తేమ పట్టుకుని రంగు పాలలా తెల్లబడుతుంది.

పసుపెక్కిన డీకాల్ షీటును (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే గుర్తుల కాగితం) కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి అంటిస్తే కొన్ని వారాల్లో తెల్లబడుతుంది. నీళ్లలో వేసే ముందు దాని మీద పల్చగా క్లియర్ లాకర్ కొట్టాలి, లేకపోతే ముక్కలైపోతుంది. పూత వేశాక ఒక్కో బొమ్మనూ విడిగా కత్తిరించుకోవాలి.

మిగ్-21కి ముక్కు ముందు పొడుచుకొచ్చే పిటాట్ గొట్టం (విమానం వేగం కొలిచేది) పాత మోడళ్లలో దాదాపు ఎప్పుడూ విరిగే ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే 23 గేజ్ సిరంజి సూదిలో 31 గేజ్ ఇన్సులిన్ సూదిని దూర్చితే 1/72 సైజు (అసలు విమానంలో 72వ వంతు) మోడల్‌కి చక్కగా కుదురుతుంది. కటింగ్ ప్లయర్‌తో కోస్తే గొట్టం నొక్కుకుపోతుంది. చుట్టూ ఆకురాయితో గాటుపెట్టి విరవాలి. రంగులూ డీకాళ్లూ పూర్తయ్యాకే దాన్ని బిగించండి, ముందే పెడితే చేయి తగిలి మళ్లీ ఊడిపోతుంది.