అమ్మతో గోపాల్‌పూర్

బరంపురం నుంచి గోపాల్‌పూర్ 15, 16 కిలోమీటర్లు. అంత దగ్గరైనా చుట్టాలొస్తే తప్ప అటువైపు వెళ్ళం. ఇవాళ అమ్మ కోసమే వెళ్ళాం. వాళ్ళ తాత రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళే ఓడెక్కిన రేవు చూడాలని చాన్నాళ్ళుగా అడుగుతోంది.

పొద్దున్నే ఇడ్లీలు తిని ఆటో ఎక్కాం. భంజవిహార్‌లో యూనివర్సిటీ దాటేసరికి గాలి మారింది, అమ్మ కొంగు బిగించుకుంది. బీచ్ దగ్గర మామూలు ఆదివారం సందడి. ఒంటె సవారీలు, చాట్ బండ్లు, కాలేజీ పిల్లల సెల్ఫీలు. వెనక లైట్‌హౌస్. అమ్మకి ఇవేవీ పట్టలేదు. "రేవు ఏదే?" అంది.

రేవంటే ఇప్పుడు మిగిలింది కూలిన గోడలే. ఇసుక వాటిని సగం మింగేసింది. పైన మిగిలిన ఇటుకలు ఉప్పుగాలికి పొరలుపొరలుగా రాలుతున్నాయి, చేత్తో తాకితే పొడి అంటుకుంటోంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే దాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. శ్రీకాకుళం వైపు పల్లెల వాళ్ళు కూడా ఇక్కడికొచ్చి ఓడెక్కేవారు. అక్కడ బియ్యం మిల్లుల్లో పని, రేవులో మూటలు మొయ్యడం. నాలుగు డబ్బులు కూడబెట్టుకుని తిరిగొచ్చేవాళ్ళు కొందరు, రానివాళ్ళు కొందరు. అమ్మ వాళ్ళ తాత రాలేదు. 1942లో రంగం జపాన్ వాళ్ళ చేతికి పోయాక ఉత్తరాలు కూడా ఆగిపోయాయట.

గోడకి కాస్త అవతల ఒకావిడ నెత్తళ్ళు ఎండబెడుతోంది. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని తనే పలకరించింది. ఇక్కడ ఒడియా వాళ్ళు నోళియాలు అని పిలిచే జాలర్లు చాలామంది మనవాళ్ళే, ఇళ్ళల్లో తెలుగే. పరిచిన పాత వల మీద చేపల్ని వేళ్ళతో గబగబా తిప్పుతూ, ఒక్కటీ ఇసుకలో పడకుండా, తల ఎత్తకుండానే చెప్పుకొచ్చింది.

"ఓడలు ఒడ్డుకి రావు కదమ్మా, దూరంగా ఆగీవంట. మా మావగారి తాత పడవలో జనాన్ని ఎక్కించుకుని, అలలు దాటించి, ఓడకాడ దించీవోడంట. ఎక్కినోళ్ళు ఏడిసీవోరు, ఒడ్డునున్నోళ్ళు ఏడిసీవోరు. పడవ తోసీవోడికి మటుకు ఏడవడానికి ఖాళీ లేదంట."

అమ్మ అక్కడే ఇసుకలో కూర్చుండిపోయింది. వాళ్ళ తాతని ఓడ దాకా చేర్చిన తెడ్డు ఈవిడ ఇంటివాళ్ళదే అయ్యుండొచ్చు. ఆ మాట అమ్మా అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం ఆవిడతో కలిసి కాసేపు నెత్తళ్ళు తిరగేశాం. మాటల్లో 2013 అక్టోబరు 12 నాటి ఫైలిన్ తుఫాను కూడా వచ్చింది. ఆ రాత్రి గాలి గంటకి 200 కిలోమీటర్లు దాటి వీచింది. వాళ్ళు ముందే పిల్లాపాపలతో బడికి వెళ్ళిపోయారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. వచ్చి చూస్తే పడవ లేదు.

నాకు నిజంగా బాధ కలిగించింది ఒకటుంది. అంతమంది ఓడెక్కిన చోట ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటి కూడా మాకు కనపడలేదు. హోటళ్ళకి బోర్డులున్నాయి, ఐస్‌క్రీమ్‌కి ఉన్నాయి. ఒడియాలో, తెలుగులో నాలుగు వాక్యాలు రాసి ఆ గోడ పక్కన పెడితే చాలు. నాలుగు మాటలు రాసి ఇమ్మంటే నేనే రాసిస్తాను.

మధ్యాహ్నం వేయించిన చేపతో అన్నం తిన్నాం, బాగుంది. కిలో నెత్తళ్ళు కొన్నాం, ఆవిడ ఇంకో గుప్పెడు ఎక్కువే వేసింది. ఇంట్లో వాళ్ళ అత్తగారున్నారట, పాత సంగతులు ఇంకా బాగా చెబుతారట, వచ్చే ఆదివారం రమ్మంది. ఫోన్‌లో రికార్డు చేద్దామనుకుంటున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ప్రశ్నలు అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఏయే ఊళ్ళవాళ్ళు వచ్చేవారో అడుగు, పడవకి ఎంత తీసుకునేవారో అడుగు, ఆడవాళ్ళు కూడా వెళ్ళేవారేమో అడుగు. ఇంటికొచ్చాక అవన్నీ ఈ పేజీ వెనక రాసుకున్నాను.