నలుగురు పిల్లలు, ఒక తలుపు: పిల్లల ఫాంటసీ నవల రాయడంలో నా అనుభవం

స్నేహితులంతా కలిసి ఏ పాత గోడ వెనకనుంచో ఇంకో లోకంలోకి వెళ్ళిపోయే కథ రాద్దామనుకున్నవాళ్ళు చాలావరకు ఆ లోకాన్ని కట్టడంతో మొదలుపెడతారు. రాజ్యాలు, రాజవంశాలు, ఎగిరే జంతువులు, ఐదు రకాల మంత్రాలు. నోటుబుక్కు నిండుతుంది, కథ మాత్రం కదలదు. నేను తలుపు దగ్గర మొదలుపెడతాను. తలుపు సంగతి తేలేదాకా లోపల ఒక్క చెట్టు కూడా నాటను.

ఎవరికి తెరుచుకుంటుంది, ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎన్నిసార్లు, ఏం పట్టుకెళ్ళొచ్చు, లోపల ఒక రోజు గడిస్తే బయట ఎంతసేపు, తిరిగి రావడానికి అడ్డం ఏమిటి. ఈ ఆరు ప్రశ్నలకీ ఒక కాగితం మీద ఒక్కో వాక్యంలో జవాబు రాస్తాను. ఏ జవాబైనా రెండో వాక్యంలోకి పాకిందంటే ఆ నియమం పదేళ్ళ పిల్లలకి ఎక్కదని లెక్క. ఆరింటిలో కథని నడిపేది చివరిదే. వెళ్ళడం ఎంత సులువైనా ఫరవాలేదు, రావడం మాత్రం కష్టంగా ఉండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి వచ్చేయగలిగితే రెండో అధ్యాయంలో భయమేసిన పిల్ల ఇంకా అక్కడే ఎందుకుందో చెప్పలేక రచయిత తంటాలు పడతాడు.

ఈమధ్య రాసిన నవలలో నియమం మొదట ఇలా ఉంది: ఎంతమంది లోపలికి వెళ్తారో అంతమందే బయటికి రాగలరు. నలుగురు వెళ్ళారు, నలుగురే రావాలి. కానీ ఆ నలుగురే రావాలని ఎక్కడా లేదు. వీళ్ళకంటే ముందు అక్కడి మనిషి ఒకడు బయటికి జారుకుంటే వీళ్ళలో ఒకరు ఉండిపోతారు. ఈ ఒక్క వాక్యంలోంచి విలన్, అనుమానాలు, గొడవలు అన్నీ పుట్టుకొచ్చాయి.

అయితే ఇలాంటి నియమాన్ని పిల్లల ముందు పెట్టగానే అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. వెనకాలే పిల్లి వస్తే అదీ లెక్కేనా? చీమలో? తలలో పేలో? నవ్వి ఊరుకోవడానికి లేదు. పేల సంగతి తేలకపోతే నియమం తేలనట్టే. అందుకే మనుషుల బదులు నీడల్ని పెట్టాను. తలుపు గడపమీద పడిన నీడల్ని లెక్కపెడుతుంది. పిల్లికి నీడ ఉంది, లెక్కలోకి వస్తుంది. తలలో పేనుకి వేరే నీడ లేదు, రాదు. ఇంకొకరి వీపు మీద ఉన్న పిల్లవాడికీ వేరే నీడ లేదు. ఈ చివరి మాట రాసుకున్నాక నవల ముగింపు కోసం వెతకాల్సిన పని తప్పింది.

నీడ అన్నాక సూర్యుడి లెక్క చూసుకోవాలి. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషి ఎత్తుకి సమానం. 30 డిగ్రీలకి దిగితే దాదాపు 1.7 రెట్లు. 130 సెంటీమీటర్ల పిల్లవాడి నీడ అప్పుడు 220 దాటుతుంది. మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ దగ్గరే ఉంటుంది, గడపదాకా చేరదు. తలుపున్న గోడ బయటివైపు పడమటికి చూస్తోందంటే పిల్లలు దానికి ఎదురుగా నిలబడ్డప్పుడు ఎండ వీపు మీద ఉండేది మధ్యాహ్నం దాటాకే. కాబట్టి వెళ్ళేది 3 గంటల తర్వాతే. అదే గోడ లోపలివైపు తూర్పుకి చూస్తుంది కనుక బయటికి రావడం పొద్దున పూట మాత్రమే. పొద్దున్నే మబ్బు పడితే ఆ రోజు ప్రయాణం రద్దు. ప్రతినాయకుడు ఏ ఏర్పాటూ చెయ్యకుండానే 20వ అధ్యాయంలో పిల్లలు ఇరుక్కుపోయారంటే ఆ మబ్బు వల్లనే.

ఇక కాలం. సి.ఎస్. లూయిస్ నార్నియా అనే మాయాలోకం గురించి రాసిన నవలల్లో మొదటిది 1950లో వచ్చింది. అందులో పిల్లలు అక్కడ పెద్దవాళ్ళై, ఏళ్ళు గడిపి తిరిగొస్తే ఇక్కడ క్షణం కూడా గడవదు. అది సుఖమైన పద్ధతి, అమ్మానాన్నల బెడదే ఉండదు. కానీ గడియారం ఒత్తిడి కూడా పోతుంది. నాకు ఒత్తిడి కావాలి. అందుకని బయట ఒక గంటకి లోపల ఒక రోజు అని పెట్టాను. 3కి వెళ్ళి 6కల్లా ఇల్లు చేరాలంటే లోపల మూడు రోజులు.

ఈ మూడు రోజులే లోకం ఎంత పెద్దదో చెప్పేస్తాయి. చదునైన దారిలో పిల్లలు గంటకి 3 కిలోమీటర్లు నడుస్తారు. మధ్యలో కథ జరగాలి, తినాలి, పడుకోవాలి, కాబట్టి నడక రోజుకి నాలుగు గంటలే. రోజుకి 12, మూడు రోజులకి 36. రానూ పోనూ అంతే గనక తలుపు నుంచి వాళ్ళు చేరగలిగిన అతి దూరం 18 కిలోమీటర్లు. అంతకు మించిన కోట గీశారంటే పిల్లలు దాన్ని చేరరు, లేదా చేరి వెనక్కి రారు. సెంటీమీటరుకి 2 కిలోమీటర్ల చొప్పున గీస్తే 9 సెంటీమీటర్లు, పటం ఒక్క పేజీలో సర్దుకుంటుంది. ఎనిమిది రాజ్యాలు గీసుకున్నవాళ్ళకి ఈ లెక్క నచ్చకపోవచ్చు, కానీ చేసితీరాలి.

పటంలో ఎక్కువమంది తప్పేది నదుల దగ్గర. చిన్న పాయలు కలిసి పెద్ద నది అవుతుంది. సముద్రం దగ్గరపడితే తప్ప కిందికి పోతూ రెండుగా చీలడం చాలా అరుదు, కొండ ఎక్కనే ఎక్కదు. నీళ్ళు మరో రకంగా కూడా అడ్డొస్తాయి. నడిచే పిల్లకి రోజుకి తక్కువలో తక్కువ లీటరున్నర వేసుకున్నా నలుగురికి 6 లీటర్లు, అంటే 6 కిలోలు. మూడు రోజులకి సరిపడా మొయ్యలేరు. దారి వాగు పక్కనే పోవాలి, లేదా రెండో రోజు నీళ్ళు అయిపోవడమే కథ కావాలి.

చేతి గడియారం సంగతి తమాషాగా ఉంటుంది. 72 గంటలు గడిపి వచ్చిన పిల్ల చేతి గడియారంలో టైము మళ్ళీ 3 చూపిస్తుంది, గోడ గడియారంలో 6. తేదీ చూపించే రకమైతే మూడు రోజులు ముందుంటుంది. అదే సెల్‌ఫోనైతే బయటికి రాగానే నెట్‌వర్క్ నుంచి టైము తీసుకుని సరిచేసేసుకుంటుంది, సాక్ష్యం చెరిగిపోతుంది. పెద్దవాళ్ళు నమ్మకుండా ఉండటానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు. ఫోను వద్దనుకుంటే దాన్ని పోగొట్టకండి, పాఠకులు ఆ పాత ఎత్తుని వెంటనే పట్టేస్తారు. సిగ్నల్ ఉండదు, టార్చిగా వాడితే రెండో రోజుకి చార్జింగ్ అయిపోతుంది, అంతే.

దాటే ఘట్టం దగ్గర కాస్త నిదానించాలి. చేతికొచ్చే మొదటి వాక్యం ఎప్పుడూ ఇదే: ‘కళ్ళు మిరుమిట్లు గొలిపే కాంతి. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా అద్భుత లోకం!’ ఇందులో తలుపుది అంటూ ఏమీ లేదు, ఏ కథలోనైనా అతికించొచ్చు. నియమాన్ని అడగాలి. కాలం 24 రెట్లు తేడా ఉంటే, నా నలుగురిలో (కిట్టు, సుధ, రజియా, బుజ్జిగాడు) కిట్టు వెనకాల సుధ రెండు సెకన్లకి దాటినా, లోపల కిట్టు 48 సెకన్లు ఒంటరిగా నిలబడాలి. రాతలో అదిలా వచ్చింది:

‘మెట్టనుకుని వేసిన కాలు ఇసుకలో దిగింది. చెప్పులోకి ఇసుక వచ్చింది, వెచ్చగా ఉంది. కిట్టు వెనక్కి తిరిగాడు. తలుపులో సుధ. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది, నోరు తెరిచే ఉంది. “ఏయ్, రావే!” అన్నాడు. కదల్లేదు. వాడు చెప్పు విప్పి, దులుపుకుని, మళ్ళీ తొడుక్కునేసరికి ఆ కాలు కొంచెం కిందికి దిగింది.’

కాలం గురించి ఒక్క ముక్క వివరించలేదు, చదివే పిల్లకి అర్థమైపోతుంది. ఇక్కడే ఇంకోటి కూడా దొరికింది. నాలుగో పిల్లవాడు భయపడి గడప దగ్గర ఒక్క నిమిషం తటపటాయిస్తే లోపల మిగతావాళ్ళు 24 నిమిషాలు ఎదురుచూడాలి. అంతలో వాళ్ళని ఎవరైనా చూడొచ్చు.

పిల్లలు ఎంతమంది ఉండాలన్నది ఇష్టాన్ని బట్టి కాదు, జతల్ని బట్టి తేల్చాలి. ముగ్గురుంటే మూడు జతలు, నలుగురుంటే ఆరు, ఐదుగురుంటే పది, ఆరుగురుంటే పదిహేను. ప్రతి జతకీ కనీసం ఒక ఘట్టం ఉంటేనే స్నేహం కనిపిస్తుంది. నలుగురికి మించితే ఒకరు మాట్లాడటం మానేసి ‘అందరూ నవ్వారు’లో కలిసిపోతారు. అది కనిపెట్టడానికి ప్రతి అధ్యాయంలో ఎవరు ఎన్ని మాటలు అన్నారో లెక్కపెడతాను. వరసగా రెండు అధ్యాయాలు నోరు విప్పని పాత్రకి పనైనా ఇవ్వాలి, తీసెయ్యనైనా తియ్యాలి. పిలుపులు కూడా ముందే ఖాయం చేసుకోవాలి. కిట్టు, సుధ ఒరేయ్ ఒసేయ్ అనుకుంటారు. బుజ్జిగాడికి మాత్రం సుధ ‘అక్క’. వాడు కోపంలో ఒక్కసారి ‘నువ్వు నాకు అక్కవి కాదు పో’ అన్నాడంటే అరపేజీ వర్ణన ఆదా అవుతుంది.

లోపల దారి చూపించే ముసలాయనో, మాట్లాడే పక్షో ఉంటారు కదా, వాళ్ళతో జాగ్రత్త. ఫారా మెండెల్సన్ రాసిన 2008 నాటి విమర్శ పుస్తకం ఫాంటసీని నాలుగు రకాలుగా విడదీస్తూ, ఇలా తలుపు దాటి వెళ్ళే కథల్లో లోకం గురించి చెప్పేవాళ్ళ మాటని ఎవరూ ప్రశ్నించరని ఎత్తిచూపింది. నిజమే. వాళ్ళు రెండు పేజీల ఉపన్యాసం ఇస్తారు, పిల్లలు తలూపుతారు, కథ ఆగిపోతుంది. నా విరుగుడు ఏమిటంటే, ఆ పక్షి చెప్పేవాటిలో ఒక సంగతి తప్పై ఉండాలి. అబద్ధమే అక్కర్లేదు, దానికి తెలిసినంతే అది చెప్పింది. 9వ అధ్యాయంలో అది బయటపడ్డాక ప్రతి మాటనీ పిల్లలు అనుమానంగా వింటారు, చదివేవాళ్ళూ అంతే.

మంత్రాల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. వాడినప్పుడల్లా వాడినవాళ్ళకి ఏదో ఒకటి తగ్గాలి.

అధ్యాయాలు 24, ఒక్కోటి 1,250 మాటలు, మొత్తం 30,000. తొమ్మిది నుంచి పన్నెండేళ్ళవాళ్ళకి ఇది సరిపోతుంది. తలుపు దాటడం 3వ అధ్యాయం చివరికల్లా అయిపోవాలి. వీపు మీద మోస్తే ఇద్దరికీ నీడ ఒకటే అన్నది 22లో అక్కరకి రావాలంటే 5లోనే కనబడాలి. అక్కడ అది ఉపాయంగా కాదు, ఆటగా ఉండాలి. బుజ్జిగాడు రజియా వీపెక్కి ‘చూడండ్రా, మనకి రెండు తలకాయలు’ అని నీడని చూపిస్తాడు. అందరూ నవ్వి ముందుకి నడుస్తారు. అక్కడ ఇంకో వాక్యం పెట్టినా కిటుకు దొరికిపోతుంది.

చేతి సామాను కోసం వేరే పట్టిక ఉండాలి. నిలువు గడుల్లో అధ్యాయాలు, అడ్డం గడుల్లో తాడు, టార్చి, నీళ్ళ సీసా, చాకు. ఏ అధ్యాయం చివర ఏది ఎవరి దగ్గరుందో రాసుకోవాలి. ఇది లేకపోతే 6లో లోయలో పడిపోయిన తాడు 11లో సంచిలోంచి బయటికి వస్తుంది. దెబ్బలు కూడా ఇందులోనే వేస్తాను. మోకాలు చెక్కుకుపోయిన పిల్ల మర్నాడు పరిగెత్తకూడదు.

ముగింపులో ‘అంతా కల’ అనొద్దు. 1865లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’కి అది చెల్లింది, ఎందుకంటే ఆ కథ నడక మొదటినుంచీ కల నడకే. నియమాలు, దూరాలు, నీడలు లెక్కేసి నడిపిన కథని కల అనేస్తే చదివినవాళ్ళ లెక్కలన్నీ వృథా చేసినట్టు.

రాయడం అయ్యాక పిల్లలకి ఇస్తాను గానీ ‘బాగుందా’ అని అడగను. బాగుందనే అంటారు. పుస్తకం ఎక్కడ మూసి లేచారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టమంటాను. ఇద్దరు ముగ్గురి గీతలు ఒకే పేజీలో పడితే ఆ పేజీలో వివరణ ఉందన్నమాట. తలుపు నియమం ఏమిటో వాళ్ళ మాటల్లో చెప్పమంటాను. చెప్పలేకపోతే ఆ నియమం చెప్పే అధ్యాయం తిరగరాయాలి. ఆ తర్వాత మొత్తం పైకి చదవాలి, అధ్యాయానికి పన్నెండు పదమూడు నిమిషాలు. ఊపిరి అందని వాక్యాన్ని అక్కడికక్కడే విరిచేయాలి.

బొమ్మలు వేసేవాళ్ళకి ఘట్టంతోపాటు పూట, ఎండ దిక్కు కూడా రాసివ్వాలి. మామూలు పుస్తకంలో నీడ ఎటు పడినా ఎవరూ పట్టించుకోరు. ఇందులో ఒక్క బొమ్మలో ఐదో నీడ పడిందంటే ఉత్తరాలొస్తాయి. ప్రూఫుల్లో అక్షరాల తర్వాత నేను చూసేది నీడలే. పేజీకి 200 మాటల చొప్పున 150 పేజీలు వస్తుంది. ఫారానికి (అచ్చువేసిన ఒక పెద్ద కాగితాన్ని మడిస్తే వచ్చే కట్టకి) పదహారు పేజీలు కాబట్టి పది ఫారాలు, అంటే 160. మిగిలిన పదింటిలో ముందు పేజీలు పోను పటానికి ఒకటి, బొమ్మలకి నాలుగైదు దక్కుతాయి. పటం ఎదురెదురు పేజీల్లో పరిస్తే మధ్య కుట్టులో సెంటీమీటరు మేర మరుగుపడిపోతుంది, తలుపుని మాత్రం అక్కడ గీయించకండి.