డీఎస్‌ఎల్‌ఆర్ వదిలి మిర్రర్‌లెస్‌కి మారడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది

పదకొండేళ్లు డీఎస్‌ఎల్‌ఆర్‌తోనే పని చేశాను, అంటే లెన్సు నుంచి వచ్చే వెలుగుని లోపలి అద్దం మనం కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌కి పంపే కెమెరా. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దం ఉండదు, సెన్సర్ చూసేదాన్నే వ్యూఫైండర్‌లోని చిన్న స్క్రీన్ చూపిస్తుంది. పెళ్లిళ్లు, స్టేజ్ ప్రోగ్రాములు, స్టూడియోలో పోర్ట్రెయిట్లు, ఇదే నా బతుకుతెరువు. మిర్రర్‌లెస్ మాట ఎవరెత్తినా "చూద్దాంలే, ఇంకా టైముంది" అనేవాణ్ణి. ఎందుకంటే బాడీ ఒక్కటి మారిస్తే సరిపోదు కదా, లెన్సులు, బ్యాటరీలు, ఫ్లాష్ ట్రిగర్లు, వేళ్లకి పట్టిన అలవాటు అన్నీ కదులుతాయి, పైగా మళ్లీ తీసే వీల్లేని పనిలో కొత్త వస్తువుని నమ్మాలంటే గుండె ఆగుతుంది.

2008లో పానాసోనిక్ జీ1 అనే మిర్రర్‌లెస్ వచ్చినప్పుడు నేను పట్టించుకోలేదు, 2013లో సోనీ ఏ7 ఫుల్‌ఫ్రేమ్‌తో, అంటే 35 ఎంఎం ఫిల్మంత పెద్ద సెన్సర్‌తో, వచ్చినప్పుడూ అంతే, అప్పటి వాటిలో ఫోకస్ మా పనికి చాలదు, బ్యాటరీ చూస్తే చిన్నది. 2017లో సోనీ ఏ9 సెకనుకి 20 ఫ్రేములు, అదీ మధ్యలో వ్యూఫైండర్ నల్లబడకుండా తీస్తుంటే మొదటిసారి ఆలోచనలో పడ్డాను. తర్వాతి ఏడాది కెనాన్, నికాన్ రెండూ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లు దించాయి. 2020లో కెనాన్ 1డీఎక్స్ మార్క్ 3, నికాన్ డీ6 వచ్చాక ఆ రెండు కంపెనీల నుంచి ఆ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ మళ్లీ రాలేదు, కొత్త లెన్సులు కూడా మిర్రర్‌లెస్ మౌంట్‌లకే వస్తున్నాయి. డీఎస్‌ఎల్‌ఆర్ దారిలో గట్టిగా నిలబడింది పెంటాక్స్ ఒక్కటే.

కానీ నన్ను నిజంగా కదిలించింది ఇవేవీ కావు, నా 85 ఎంఎం లెన్సు. ఎఫ్ 1.4లో, అంటే లెన్సు బాగా తెరిచి, దగ్గరి ముఖం తీస్తే కనురెప్ప షార్ప్‌గా ఉంటుంది, చెవి దగ్గరికి వచ్చేసరికి మసక. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ వేరే, అది అద్దం కింద ఉంటుంది, పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దం వెలుగుని కిందికి పంపితే అది లెక్కగడుతుంది, ఫొటో మాత్రం వెనకున్న మెయిన్ సెన్సర్ మీద పడుతుంది. ఈ రెండు దారుల పొడవులో వెంట్రుకంత తేడా ఉన్నా ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతుంది. దానికోసం స్కేలుని 45 డిగ్రీలు ఏటవాలుగా పెట్టి, ట్రైపాడ్ మీద ఒక్కో లెన్సునీ ఒక్కో బాడీతో చూసుకుంటూ, ఫోకస్ ఎంత సరిదిద్దాలో కెమెరాలో పెట్టే నంబర్లు రాసుకునేవాణ్ణి. ఒక బాడీలో ప్లస్ 6 పెడితే కుదిరేది, అదే లెన్సుకి రెండో బాడీలో మైనస్ 3. ఆ నంబర్లు ఒక చీటీ మీద రాసి బ్యాగు మూతకి లోపల అతికించి పెట్టుకున్నా. మిర్రర్‌లెస్‌లో ఫొటో పడే సెన్సరే ఫోకస్ కూడా చూస్తుంది, ఆ చీటీతో పనే లేదు. అద్దె బాడీ మీద రెండు రోజులు ఇదే లెన్సు పెట్టి చూశాక కొనేశాను.

కొన్నాక మొదటి నెల రెండూ మోశాను. కుడి భుజానికి పాతది, ఎడమ భుజానికి కొత్తది. ముఖ్యమైన ఘట్టం వస్తే చెయ్యి తనంతట తనే కుడివైపుకి పోయేది. ఇంకో అలవాటు కూడా వదలడానికి టైం పట్టింది, నా పాత బాడీలో ఫోకస్ పాయింట్లన్నీ మధ్యలోనే గుమిగూడి ఉంటాయి కాబట్టి కంటి మీద ఫోకస్ లాక్ చేసి ఫ్రేము పక్కకి జరుపుకోవడం నాకు ఊపిరి లాంటిది. కొత్త దాంట్లో కన్ను ఫ్రేములో ఏ మూల ఉన్నా చిన్న డబ్బా వెళ్లి పట్టుకుంటుంది, అయినా నేను జరుపుతూనే ఉన్నాను, ఆరు వారాలకి గానీ ఆగలేదు.

బ్యాటరీ దగ్గర బాగా దెబ్బతిన్నా. ఒక రిసెప్షన్‌లో గంటన్నరకే ఇండికేటర్ ఎరుపు. అసిస్టెంట్ "అన్నా, ఇప్పుడే కదా మార్చాం" అని కంగారు పడిపోయాడు. తర్వాత కూర్చుని చూస్తే అర్థమైంది ఏంటంటే, కెమెరా మెడలో వేలాడుతుంటే వ్యూఫైండర్ పక్కనుండే ఐ సెన్సర్ నా చొక్కాని చూసి కన్ను పెట్టాననుకుంటోంది, అందుకని లోపలి స్క్రీన్ వెలుగుతూనే ఉంది, నేను ఫొటో తీయకపోయినా కరెంటు తాగుతూనే ఉంది. ఆటో పవర్ ఆఫ్ టైం తగ్గించి, పట్టీ ఒక భుజానికే వేసుకుని కెమెరా నడుము పక్కకి ఉండేలా మార్చాక రోజుకి నాలుగు బ్యాటరీలతో సరిపోతోంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఈ గొడవే లేదు, ఆప్టికల్ వ్యూఫైండర్‌లో కనిపించేది అసలు వెలుగు, దానికి కరెంటుతో పనిలేదు. నికాన్ డీ850 అనే డీఎస్‌ఎల్‌ఆర్‌కి సీపా రేటింగ్ (కెమెరా కంపెనీల సంఘం పెట్టిన బ్యాటరీ పరీక్ష లెక్క) ఒక్క చార్జింగ్‌కి 1840 షాట్లు, చాలా మిర్రర్‌లెస్ బాడీలు అందులో సగానికి కూడా రావు. గంటలకొద్దీ కన్ను పెట్టి కాచుకుని ఉండే పక్షుల ఫొటోగ్రాఫర్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

స్టూడియోలో మొదటి రోజు ఇంకో రకం భయం. 1/200, ఎఫ్ 8, ఐఎస్ఓ 100 పెట్టి కన్ను ఆనిస్తే వ్యూఫైండర్‌లో కటిక చీకటి. బాడీ పాడైందేమో అనుకున్నా. పాడవలేదు, ఫ్లాష్ వెలుగుతుందని దానికి తెలియదు కాబట్టి ఆ సెట్టింగులకి ఫొటో ఎలా వస్తుందో అలాగే చూపిస్తోంది, మెనూలో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆఫ్ చేస్తే మామూలుగా కనబడింది. ఇప్పుడు దాన్ని ఒక కస్టమ్ బటన్‌కి పెట్టుకున్నా, ఫ్లాష్ ఉంటే ఆఫ్, లేకపోతే ఆన్. ఆన్‌లో ఉన్నప్పుడు దాని విలువ స్టేజ్ మీద తెలుస్తుంది, లైట్లు ఎరుపు నుంచి తెలుపుకి మారుతుంటే ముఖం ఎక్కడ కాలిపోతుందో తీయకముందే కళ్లముందు కనబడుతుంది.

స్టేజ్ అన్నాను కాబట్టి ఎల్‌ఈడీ సంగతి చెప్పాలి. చప్పుడు లేదు కదా అని ఒక డాన్స్ ప్రోగ్రాం అంతా ఎలక్ట్రానిక్ షట్టర్‌లో, అంటే షట్టర్ తెరలు కదలకుండా సెన్సర్ ఒక్కటే పనిచేసే పద్ధతిలో, తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో వేస్తే చాలా ఫొటోల్లో అడ్డంగా చారలు, ముఖాల మీదుగా వెనక తెర దాకా. ఎల్‌ఈడీ లైటు మన కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంది, మామూలు సెన్సర్ ఫొటోని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది, ఒక వరస చదివేటప్పుడు లైటు వెలిగుంది, ఇంకో వరసకి ఆరింది, అదే చార. ఆ రోజు ఫొటోల్లో ఎన్నింటినో పక్కన పెట్టాల్సి వచ్చింది, నిర్వాహకులకి నేనే ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అప్పట్నుంచి ఎల్‌ఈడీ కింద మెకానికల్ షట్టరే, వీలైతే షట్టర్ స్పీడ్ తగ్గిస్తా. స్టాక్డ్ సెన్సర్లు (పొరలు పొరలుగా పేర్చి చేసినవి) చాలా వేగంగా చదువుతాయి కాబట్టే 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టర్ అసలు పెట్టలేదు, సోనీ ఏ9 మార్క్ 3 అయితే గ్లోబల్ షట్టర్‌తో ఫ్రేము మొత్తం ఒకేసారి చదివేస్తుంది. నా బాడీ ఆ తరగతిది కాదు, కొనేముందు ఈ తేడా నేను పట్టించుకోవాల్సింది.

నిశ్శబ్దం గురించి మాత్రం నేను అనుకోనిది ఒకటి జరిగింది. పెళ్లిలో నాన్న కూతుర్ని పట్టుకుని ఏడుస్తుంటే మూడడుగుల దూరంలో నిలబడి తీశాను, ఇద్దరిలో ఒక్కరూ నా వైపు తిరగలేదు, పాత కెమెరా అయితే మొదటి అద్దం చప్పుడుకే తల తిప్పేవాళ్లు. అదే నిశ్శబ్దం స్టూడియోలో పనికిరాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి నేను ఎప్పుడు తీశానో తెలియక బిగుసుకుపోయి "తీశారా? ఇంకా తీయలేదా?" అని అడుగుతూనే ఉంది. క్లిక్ వినిపిస్తే వాళ్లు ఒక క్షణం వదులవుతారు, భంగిమ మారుస్తారు, మళ్లీ నవ్వుతారు, ఆ తాళం మీదే సెషన్ నడుస్తుంది. కాబట్టి స్టూడియోలో ఇప్పుడు మెకానికల్ షట్టర్‌కే వచ్చేశాను.

పాత లెన్సుల విషయంలో నాకు ఇబ్బంది రాలేదు, కంపెనీ అడాప్టర్‌తో అన్నీ పనిచేశాయి. అద్దం పెట్టె పోవడంతో లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య దూరం తగ్గింది, కెనాన్ ఈఎఫ్‌లో 44 ఎంఎం ఉండేది ఆర్‌ఎఫ్‌లో 20 అయింది, అడాప్టర్ ఆ ఖాళీని నింపే గొట్టం, అందులో గాజు ఉండదు కాబట్టి క్వాలిటీ ఏమీ పోదు. నికాన్ వాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి, బాడీలోని మోటారుతో తిరిగే పాత ఏఎఫ్‌డీ లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ కావు.

పని పెరిగింది ఎక్కడంటే ఏరుకోవడంలో. బరస్ట్‌లో (బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు పడే పద్ధతి) వేలు ఆగదు, ఒక పెళ్లికి ముందుకన్నా రెట్టింపు ఫ్రేములు వచ్చిపడ్డాయి, ఒకే నవ్వుకి పదహారు ఫొటోలు, అన్నీ షార్పే, దేన్ని తీసెయ్యాలో తేలక రెండు రాత్రులు పోయాయి. సింగిల్ షాట్‌కి మార్చాక ఒళ్లు దగ్గర పెట్టుకుని తీస్తున్నా.

మరి ప్రొఫెషనల్‌కి డీఎస్‌ఎల్‌ఆర్ స్థానంలో మిర్రర్‌లెస్ సరిపోతుందా అంటే, నా పనికి సరిపోయింది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం లేచిన ఆ క్షణం వ్యూఫైండర్ నల్లబడుతుంది, అంటే సరిగ్గా ఫొటో పడే క్షణాన్ని పదకొండేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు, దాని ముందుదీ తర్వాతదీ చూశాను అంతే. అయినా ఆ కెమెరాలతో తీసిన ఫొటోలు ఎందరి ఇళ్లలో గోడల మీద ఉన్నాయో, వాటిలో లోపం ఏమీ లేదు. ఈరోజుకీ డీఎస్‌ఎల్‌ఆర్‌తో బాగా పని నడుస్తున్నవాళ్లు కంగారుపడి అమ్మేయాల్సిన అవసరం నాకైతే కనబడదు. మార్చే తీరాలనుకుంటే మాత్రం సీజన్ మధ్యలో వద్దు, ముందు అద్దెకి తెచ్చుకుని, డబ్బు తీసుకోని పని మీద రెండుసార్లు వాడి చూడండి.

ఎనిమిదో నెలలో ఒక పెళ్లికి బయల్దేరుతూ పాత బాడీలు రెండూ బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టేశాను. ఒకటి తర్వాత అమ్మాను. రెండోదానికి షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా తీసిన ఫొటోల లెక్క, రెండు లక్షలు దాటింది, అది అసిస్టెంట్‌కి ఇచ్చాను, మూత లోపలి చీటీతో సహా.