హుగ్లీ ఒడ్డున పాత స్టీమర్ ఫొటో: నా అనుభవం

మా బరంపురంలో చాలా ఇళ్లలో ఒక తాతో ముత్తాతో గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ పోయినవాళ్లే. ఆ రేవులో ఇప్పుడు పాత జెట్టీ స్తంభాలు మాత్రమే మిగిలాయి. అందుకే ఆ కాలం తీరు స్టీమర్ ఒకటి కలకత్తాలో ఇంకా నీటి మీదే ఉందని తెలిశాక మనసు ఆగలేదు.

దాని పేరు పీఎస్ (పాడిల్ స్టీమర్) భోపాల్. 1944లో స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో డెన్నీ కంపెనీ కట్టింది. పేరుమోసిన కట్టీ సార్క్ తెరచాప ఓడను పూర్తి చేసిందీ వాళ్లే. ఆ యార్డు 1963లోనే మూతపడింది. భోపాల్‌ని నడిపేది పక్కనుండే తెడ్ల చక్రం. నాకు కావలసిన ఫొటో దానిదే.

పర్మిషన్ అడుగుతూ ముందే మెయిల్ పెట్టినా జవాబు రాలేదు. ఫోన్‌తో తీసుకోమన్న గార్డు, ట్రైపాడ్ చూడగానే లెటర్ అడిగాడు. ఒక ఆఫీసుకి వెళ్తే ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు. సాయంత్రానికి టెన్షన్ పట్టుకుంది. పైగా అది పాటు వేళ. నీళ్లు దిగిపోయి, గట్టు మీంచి చూస్తే ఓడ పైకప్పు, బురద తప్ప ఏమీ లేవు.

హౌరాలో ఉండే మా మేనమామ కొడుకు దారి చూపించాడు. "బావా, ఇక్కడ నిలబడితే ఏం లాభం? రేపు పోటు చూసుకుని ఫెర్రీ ఎక్కుదాం."

ఓడ ఉన్నది తూర్పు గట్టున. పొద్దున నది మీంచి చూస్తే వెలుగు ఓడ వెనక నుంచి వస్తుంది, వివరం అంతా నల్లబడిపోతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఎండ నేరుగా ఓడ పక్క మీద పడుతుంది. చలికాలం కాబట్టి సూర్యుడు నైరుతిలో ఉన్నాడు. చక్రం మీది గూడు నీడ ఏటవాలుగా పడి, అది ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో అప్పుడు తెలిసింది. ఎంత అందమో! ఫెర్రీ ఇంజిన్ అదురుకి ఫొటో కదలకుండా షటర్ సెకండులో 1/800 వంతుకి పెట్టాను. నీళ్ల మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్‌ని సగమే తిప్పాను, పూర్తిగా తిప్పితే నీళ్లలో మెరుపు పోయి జీవం లేనట్టుంది.

కలకత్తా వైపు ఫెర్రీ రేవు బాబూఘాట్ నుంచి హౌరాకి తిరిగొచ్చేటప్పుడు అసలు ఫ్రేము దొరికింది: ముందు ఓడ, వెనక 1943లో తెరిచిన హౌరా బ్రిడ్జి. రెండూ ఒక ఈడువే.

పర్మిషన్ లెటర్ మాత్రం బరంపురం చేరాక వచ్చింది. ఈసారి లోపలికెళ్లి చక్రం ఇరుసు తీయాలి.