బోరు నీళ్ళ ప్రశ్న

మా చిన్నాన్న పోయేనాటికి నాకు పధ్నాలుగేళ్ళు. కవిటి దగ్గర మా ఊళ్ళో కొబ్బరికాయలు దించేవాడు. షుగరు లేదు, బీపీ లేదు. కాళ్ళు పొంగాయి, అన్నం సయించలేదు, కిడ్నీలు పాడయ్యాయన్నారు, ఏడాది తిరక్కుండానే పోయాడు. "ఆ బోరు నీలే తినేసినాయి" అంది అమ్మ. ఆ సాయంత్రం బిందెడు నీళ్ళు కొబ్బరి మొదట్లో కుమ్మరించేశాను. నా లెక్కలో దోషి దొరికేసింది.

డిగ్రీకి శ్రీకాకుళం వెళ్ళాక, మా ఉద్దానం ఊళ్ళలో ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందనే దాని మీద రకరకాల మాటలు విన్నాను. నీటిలో సిలికా అని, భారలోహాలని, తోటలకు కొట్టే మందులని, ఎండలో చెమటోడ్చి నీళ్ళు చాలక అని. అన్నీ విని, ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారని వదిలేశాను. అదే తెలివనుకున్నాను. ఇంటికొచ్చి అమ్మతో ఆ మాటే అంటే, "అయితే మీ నాన్నకి ఏ నీలు పెట్టమంతావు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం పెర్రీ అనే మనస్తత్వవేత్త, చదువుకునే ఏళ్ళలో ఆలోచన ఎలా ఎదుగుతుందో చూద్దామని విద్యార్థులను ఏటా కూర్చోబెట్టి మాట్లాడించి, 1970లో పుస్తకం వేశాడు. ఒకటే సరైన జవాబు, అది మేష్టారి దగ్గరుంటుందనేది మొదటి మెట్టు. ఎవరి అభిప్రాయం వాళ్ళది అనేది ఆ తర్వాతది. ఇంకా పైకెళ్తే ఆధారాలు తూచడం, సందేహం మిగిలి ఉందని తెలిసీ ఒక నిర్ణయానికి కట్టుబడటం. నేను రెండో మెట్టు మీద చాలా ఏళ్ళు కూర్చున్నాను. మెదడు ముందుభాగం ఇరవై అయిదు దాకా ఎదుగుతూనే ఉంటుందంటారు. కానీ వయసొక్కటే చాలదని నా నమ్మకం. అమ్మలాగా తప్పించుకోలేని ప్రశ్న ఎవరో ఒకరు వెయ్యాలి.

ఇప్పుడు తొమ్మిదో తరగతికి జీవశాస్త్రం చెబుతున్నాను. మొన్న ఈ జబ్బు కారణాల మీద ఉన్న అనుమానాలన్నీ బోర్డు మీద రాసి, ఇది నిజమైతే మన ఊళ్ళో ఏం కనబడాలి అని అడిగాను. వెనక బెంచీ పిల్ల లేచింది.

"నీలే అయితే, ఇంట్లో అందరం అదే బోరు తాగినాం కదండి, మా పెదనాన్నకొక్కడికే ఎందుకొచ్చిందండి?"

"మీ పెదనాన్న తోటలో పనికెల్తాడు కదే" అన్నాడు పక్క వరసలోవాడు.

ఛాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వయసులో నాకు తట్టని మాట అది.

కారణం ఇంకా తేలలేదు. అయినా మా ఇంట్లో తాగేది హిరమండలం నుంచి పైపుల్లో వచ్చే నీళ్ళే. నొప్పి మాత్రలు ఊరికే మింగనివ్వను. ఆరునెలలకోసారి అమ్మకి క్రియాటినిన్, అంటే కిడ్నీలెలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష, చేయిస్తాను.

సోమవారం ఆ పిల్ల, పెదనాన్న తోటలో ఎన్ని గంటలుండేవాడో, రోజుకెన్ని చెంబుల నీళ్ళు తాగేవాడో రాసుకొచ్చింది. చెంబుకి ఎన్ని గ్లాసులని మొదటి బెంచీవాడు అడిగాడు.