పది క్లినిక్కులు, ఒక్క ప్రశ్న

2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల పోయారో ఇంటివాళ్లని అడిగి లెక్క తీశారు. దాదాపు మూడో వంతు మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. అయితే ఆ మనిషి బీపీ మాత్ర ఎప్పుడు మానేశాడు, ఎందుకు మానేశాడు అన్నది రాజోలు, పాలకొల్లు ఓపీల్లో కూర్చునే చిన్న క్లినిక్కుల డాక్టర్లం, మనకే ముందు తెలుస్తుంది. అది కాగితం మీదికి రాదు, అంతే.

దాన్ని కాగితం మీదికి తెచ్చే చిన్న అధ్యయనానికి ఎనిమిది పదిమంది డాక్టర్లు చాలు. ప్రశ్న మాత్రం ఒక్కటే ఉండాలి: బీపీ ఉన్నవాళ్లలో గడిచిన వారంలో మాత్ర తప్పినవాళ్లెందరు, ఎందుకు? షుగరు కూడా కలుపుదాం అని ఎవరో ఒకరు తప్పక అంటారు. కలపొద్దు.

వారానికి రెండు పూటలు, వరసలో వచ్చిన మొదటి ఐదుగురు. ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం. ఉదయమే తీస్తే కూలికెళ్లేవాళ్లు లెక్కలోకి రారు. డాక్టరు ఏరుకుంటే మాట వినే రోగులే మిగులుతారు. చీటీ అర కాగితం మించకూడదు: వరస నంబరు, వయసు, ఆడా మగా, మండలం, రెండు బీపీ రీడింగులు, తప్పిన రోజులు, కారణం. పేరు ఉండదు, పేరూ నంబరూ కలిపిన పుస్తకం డాక్టరు బీరువాలోనే. చీటీని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం మొదటిరోజే మాన్పించాలి. రాసేది కాంపౌండరు. డాక్టరే రాయాలంటే మూడో వారానికి ఆగిపోతుంది.

రీడింగుల చివరి అంకె చూడండి. డిజిటల్ మిషన్లో సున్నా పదింట ఒకసారి రావాలి. సగం సున్నాలే ఉంటే ఎవరో కళ్లతో కాక అలవాటుతో రాస్తున్నారు.

ఒకే డాక్టరు రోగులు ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలికని సున్నా నుంచి ఒకటి దాకా కొలిచే అంకె 0.05 అనుకుంటే, పదిమంది దగ్గర యాభై చొప్పున తీసిన 500 చీటీల బలం 1 + (50 − 1) × 0.05, అంటే 3.45తో భాగిస్తే, సుమారు 145 చీటీలంత. అందుకే చీటీలు పెంచడం కన్నా డాక్టర్లని పెంచడం మేలు.

బ్రిటన్‌లో రోగి పేరు ఒక క్లినిక్కు జాబితాలో ఉంటుంది. ఇక్కడ ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ, తర్వాత మనం, ఆపైన భీమవరమో కాకినాడో. కాబట్టి ‘మండలంలో ఇంత శాతం’ అని రాయకూడదు. ‘ఓపీకి వచ్చినవాళ్లలో’ అనే రాయాలి. ‘ఈ నెల్లో ఇంకెక్కడైనా ఈ చీటీ రాశారా’ అని అడిగితే రెండుసార్లు లెక్కపడటం చాలావరకు తగ్గుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి మొదటి చీటీకి ముందే రావాలి, తర్వాత తెచ్చుకునేది కాదు. సొంత క్లినిక్కుకి కమిటీ ఉండదు గనక మెడికల్ కాలేజీ అధ్యాపకుణ్ణి ఒకర్ని కలుపుకోవడం దారి. సమ్మతి పత్రం తెలుగులో, చదవలేనివాళ్లకి సాక్షి ముందు చదివి వినిపించి.

నెల తిరగ్గానే ఎవరి అంకెలు వాళ్లకి విడిగా, గుంపు సగటు పక్కన పెట్టి పంపాలి. కాంపౌండరుకి చీటీకింత అని ఇవ్వకండి, రోగి లేకుండానే చీటీలు వస్తాయి, నెలకింత అనండి. ఆగస్టులో మాత్రం మొదలెట్టొద్దు. వరదొస్తే లంకలవాళ్లు ఏరు దాటి రాలేరు, ఆ నెల మాత్రలు తప్పడానికి కారణం గోదారే అవుతుంది.