కీమోలో పెరిగిన బరువు, డైటీషియన్ గదిలో పడ్డ మాటలు – నా అనుభవం

మొన్నటి రివ్యూలో నా బరువు 67 కిలోలని రాశారు. రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసేనాటికి 74 ఉండేదాన్ని. నా ఎత్తు 154 సెంటీమీటర్లే కాబట్టి ఇప్పటికీ సన్నబడ్డానని చెప్పుకోవడానికి లేదు. అయినా ఈ ఏడు కిలోలు తగ్గించుకోవడానికి ఎంత తిప్పలు పడ్డానో, ఆ క్రమంలో ఎవరి చేత ఏ మాటలు పడ్డానో మనసులో మంట చల్లారకముందే రాసిపెట్టాలనిపించింది.

ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఒకదాని వెనుక ఒకటి జరిగిపోయాయి. వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. క్యాన్సర్ వస్తే మనిషి చిక్కి శల్యమవుతాడని అందరిలాగే నేనూ అనుకున్నాను. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకునే ఆడవాళ్లలో చాలామంది చిక్కకపోగా లావెక్కుతారన్న సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. వాంతులు, ఎలర్జీ రాకుండా కీమోకు ముందు ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఆకలిని రేపుతుంది. నీరసం వల్ల మంచం దిగబుద్ధి కాదు. కదలిక లేక కండ కరుగుతుంది, దాని స్థానంలో కొవ్వు చేరుతుంది. వీటికి తోడు చూడటానికి వచ్చిన ప్రతి చుట్టమూ "ఒంట్లోకి రక్తం పట్టాలమ్మా" అంటూ ఏదో ఒక డబ్బా తెచ్చేవారు. మా అత్తగారైతే సున్నుండలు అయిపోకముందే మళ్లీ మినుములు వేయించేవారు.

ప్రతి సైకిల్‌కు, అంటే కీమో ఒక్కో విడతకు, ముందు నా బరువు చూసి ఫైల్లో రాసుకునేవారు. అది నా క్షేమం కోసమేనని నేను సంబరపడ్డాను. కీమో మందు మోతాదును ఎత్తు, బరువులను బట్టి లెక్కగట్టిన శరీర ఉపరితల వైశాల్యం ప్రకారం నిర్ణయిస్తారనీ, ఆ అంకె అందుకే కావాలనీ తర్వాత తెలిసింది. 63 నుంచి 74 దాకా మెట్టుమెట్టుగా పెరుగుతూ పోయిన అంకెలు ఒకే కాగితం మీద వరుసగా ఉన్నా, వాటిని చూసి ఒక్క మాట చెప్పినవారు లేరు.

చికిత్స ముగిశాక లెట్రోజోల్ మాత్ర రాస్తూ డాక్టర్‌గారు బరువు తగ్గించుకోమన్నారు. కారణం అడిగితే ఓపికగానే చెప్పారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఈస్ట్రోజెన్ ప్రధానంగా కొవ్వు కణజాలంలోనే తయారవుతుంది, నా గడ్డ ఆ హార్మోన్‌ను ఆసరా చేసుకుని పెరిగే రకం, లెట్రోజోల్ ఆ తయారీనే అడ్డుకుంటుంది. ఊబకాయం ఉన్నవారిలో జబ్బు తిరగబెట్టే అవకాశం కొంత ఎక్కువని గమనించారట. బరువు తగ్గిస్తే ఆ ముప్పు కూడా తగ్గుతుందా అన్నది తేల్చడానికి అమెరికా, కెనడాలలో మూడు వేలకు పైగా స్త్రీలతో పెద్ద అధ్యయనమే పెట్టారని చెప్పి, దాని సంగతి ఎలా ఉన్నా మోకాళ్లకు, గుండెకు, షుగర్ రాకుండా ఉండటానికి బరువు తగ్గడం మంచిదేనన్నారు. ఆ మాట నాకు నచ్చింది. భయపెట్టకుండా చెప్పే డాక్టర్లు దొరకడం అదృష్టం. అయితే ఎలా తగ్గాలో అడిగేసరికి చీటీ రాసి డైటీషియన్ దగ్గరకు పంపారు.

ఆ గది బయట వరండాలో, కుర్చీల వరుసలకు ఎదురుగా, బరువు చూసే మిషన్ పెట్టారు. అటెండర్ ఒక్కొక్కరినీ ఎక్కించి, లోపలున్నవారికి వినబడేలా అంకె కేకవేస్తాడు. "డెబ్బై నాలుగు" అని నా వంతు కేక విని, విగ్గు సర్దుకుంటూ లోపలికి వెళ్లాను. మా పెద్దమ్మాయి కంటే చిన్నదైన ఒక అమ్మాయి ఫైలు తెరవకుండానే ఏం తింటానని అడిగింది. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలని ఉన్నదున్నట్టు చెప్పాను. "అంతే తింటే డెబ్బై నాలుగు ఎలా వస్తుందాంటీ? గాలి పీల్చి ఎవరూ లావెక్కరు కదా" అని నవ్వింది. తలుపు తీసే ఉంది, వరండాలో ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. అంతటితో ఆగకుండా నా పక్కనున్న మావారి వైపు తిరిగి, "అంకుల్, మీరు కాస్త కనిపెట్టి ఉండండి, ఆంటీ చాటుగా ఏమైనా తింటున్నారేమో" అంది. ఆయనకు ఏం చెప్పాలో తోచక తల వంచుకున్నారు. ఇన్నేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. పరీక్షలో కాపీ కొడుతూ పట్టుబడ్డ పిల్లవాణ్ని కూడా తరగతి ముందు అలా నిలబెట్టలేదు. నేను తీసుకున్న స్టెరాయిడ్ల పేర్లు, తేదీలు ఆ అమ్మాయి మోచేతి కింద ఉన్న ఫైల్లోనే ఉన్నాయి.

చివరికి చేతిలో పెట్టింది ఒక జిరాక్స్ కాగితం. దాని పైన షుగర్ రోగుల ఆహారం అని అచ్చయి ఉంది. నాకు షుగర్ లేదు. ఓట్స్, ఆలివ్ నూనె, బ్రకోలి, గ్రీన్ టీ వరుసగా ఉన్నాయి. అన్నం పూర్తిగా మానాలని, పాలు, పెరుగు, సోయా ముట్టకూడదని పెన్నుతో కలిపింది. లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుందని చెప్పి, ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీయించి, కాల్షియం, విటమిన్ డి మాత్రలు వాడమన్నది ఇదే ఆస్పత్రి. అదే ఆస్పత్రిలో మరో గదిలో పెరుగు మానమంటున్నారేమిటని అడిగితే, "చార్ట్‌లో ఉన్నది ఫాలో అవ్వండాంటీ" అన్న జవాబే వచ్చింది. ఆహారంగా తినే సోయా వల్ల రొమ్ము క్యాన్సర్ రోగులకు హాని జరుగుతుందన్న ఆధారం లేదని ఆ తర్వాత డాక్టర్‌గారే చెప్పారు. మీల్‌మేకర్ కూర మా ఇంట్లో మళ్లీ మొదలైంది.

ఇంకోసారి వెళ్లినప్పుడు బరువు అంతే ఉంది. అప్పుడా అమ్మాయి, రోగి సూచనలు పాటించడం లేదని నా ఫైల్లో ఇంగ్లీషులో రాసింది. నా ఎదుటే రాసింది, చదవలేననుకుంది కాబోలు. కొట్టేయమంటే కుదరదంది. ఆ రోజు బస్సులో కూర్చున్నంతసేపూ నాకు క్యాన్సర్ వచ్చిందని తెలిసిన రోజుకన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

దారి చూపింది చెయ్యి పట్టేసిందని వెళితే పరిచయమైన ఫిజియోథెరపిస్టు. ఆపరేషన్‌లో చంకలోని లింఫు గ్రంథులు తీసిన వైపు చేత్తో బరువులెత్తితే ఆ చెయ్యి వాస్తుందని అందరూ బెదిరించారు కదా అంటే, మెల్లగా పెంచుకుంటూ పోయే బరువుల వ్యాయామం వల్ల చేతి వాపు ముప్పు పెరగదని 2010లోనే ఒక అధ్యయనం తేల్చిందని ఆవిడ చెప్పింది. అరలీటరు నీళ్ల సీసాతో మొదలుపెట్టించి, టేపుతో చేతి చుట్టుకొలత చూస్తూ కిలో డంబెల్ దాకా తీసుకొచ్చింది. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండ పెంచే వ్యాయామం ఆవిడ పెట్టిన నియమం. లెట్రోజోల్ వల్ల పొద్దున్నే పిడికిలి ముడుచుకోని నా వేళ్లు, బిగుసుకుపోయే మోకాళ్లు, నడక కుదిరాక చాలావరకు సర్దుకున్నాయి. ఇప్పుడు పొలం నుంచి బియ్యం బస్తా వస్తే రెండో కొస నేనే పట్టుకుంటున్నాను. మా ఆడపడుచు చూసి నోరెళ్లబెట్టింది.

తిండి విషయంలో ఆలివ్ నూనె కొనలేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెం లెక్క ప్రకారం సగం కూరలు, ఆకుకూరలు, పండ్లకే వదిలాను. అన్నం మానలేదు, గిద్దతో కొలిచి వండుతున్నాను. నీళ్ల పప్పు పోయి ముద్దపప్పు వచ్చింది. ఇడ్లీ బదులు ఎక్కువగా పెసరట్టు, రోజూ గుడ్డు, పెరుగు. కండ నిలవాలంటే మాంసకృత్తులు తగ్గకూడదు. నూనె డబ్బా మునుపటికి రెండింతల రోజులు వస్తోంది. ఒక్క టీ చెంచా నూనెలోనే దాదాపు 45 క్యాలరీలున్నాయని తెలిశాక తిరగమోతకు చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. కొన్ని నెలలు ముల్లు కదలకపోయినా జాకెట్లు వదులయ్యాయి. అందుకే నడుము కొలత కూడా రాసుకోమంటాను.

స్టాఫ్ రూమ్‌లో సన్నబడే పొడి డబ్బాలు అమ్ముకునేవారిని మాత్రం దగ్గరకు రానివ్వకండి. క్యాన్సర్ మందులు వాడేవారు ఏ మూలిక మింగాలన్నా ముందు డాక్టర్‌ను అడగాలి. కీమో నడుస్తుండగా పస్తులుండకండి. ప్రయత్నం లేకుండా బరువు దిగిపోతుంటే సంతోషించకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. డైటీషియన్ దగ్గరకు పోయేవారు స్టెరాయిడ్, హార్మోన్ మాత్రల పేర్లు విడి కాగితం మీద రాసుకుని వెళ్లి, మాట మొదలవకముందే బల్ల మీద పెట్టండి.

ఫైల్లోని ఆ వాక్యం తీసేయాలనీ, బరువు చూసే మిషన్ గది లోపలికి మార్చాలనీ సూపరింటెండెంట్‌గారికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. 67 అని రాసిన మొన్నటి కాగితం నకలు జతచేసి ఈసారి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.